పిల్లవాడి సంతకం

పునరావాసం అనే మాట చాలాకాలం మన పత్రికల్లో ఆనకట్టల వార్తల పక్కనే కనిపించేది. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల్లో ఊళ్లు మునిగినప్పుడు, ఇళ్లు పోయినవాళ్లకు మరోచోట ఇళ్లు చూపించవలసి వచ్చి ఆ మాట వాడారు. అక్కడ అది సరిగ్గా అమిరింది. ఒక ఆవాసం ఉండేది, అది పోయింది, మళ్లీ ఒకటి ఇవ్వాలి. తర్వాత అదే మాటను రైల్వేస్టేషన్లలో, బస్టాండుల్లో, ఫుట్‌పాత్‌ల మీద బతికే పిల్లలకు తగిలించాం. 'వీధి బాలల పునరావాసం' అన్న మూడు మాటలూ ఇప్పుడు విరాళాల రసీదుల మీద, ప్రభుత్వ ఉత్తర్వుల్లో విడదీయరానట్టు అతుక్కుపోయి ఉంటాయి.

నాకు 'పునః' దగ్గరే పేచీ. మళ్లీ అంటే ఎక్కడికి మళ్లీ? ఊరు మునిగినవాడి ఇంటిని నీళ్లు తీసుకుపోయాయి. ఈ పిల్లవాడు చాలాసార్లు ఉన్న ఇంట్లోంచి తానే లేచి వచ్చాడు. వాడిని పట్టుకుపోయి ఆ ఇంటికే అప్పగిస్తే అది పునరావాసమా? వాడు అడగని మరో ఇంట్లో పెట్టి గొళ్లెం వేస్తే అది పునరావాసమా? పిల్లవాడి మంచికోసమే అయినా, వాడికి ఇష్టం లేకుండా వాడిని ఒకచోట ఉంచే హక్కు మనకు ఉందా? ఉంటే ఎంతవరకు ఉంది?

ఇలాంటి ప్రశ్నలు వేయడానికి నేను తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. పూర్తిచేసి బ్యాంకులో చేరి ముప్ఫై ఏళ్లు దాటింది. మా శాఖ బెంగళూరు మెజెస్టిక్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది కాబట్టి ఈ పిల్లలు రోజూ కళ్లబడతారు. కొన్నేళ్లుగా ఆదివారాలు ఒక చిన్న ఆశ్రయగృహానికి వెళ్లి వాళ్ల జమాఖర్చులు రాసిపెడుతున్నాను. జీతం లేని పని గనుక కమిటీ సమావేశాల్లో నోరు విప్పే హక్కు కూడా దానితోపాటే దక్కింది. ఆ హక్కును కొంచెం ఎక్కువగానే వాడుకుంటున్నానని తోటి సభ్యులు అనుకుంటూ ఉండవచ్చు.

వీధి బాలలు అనగానే తల్లిదండ్రులు లేనివాళ్లని చాలామంది అనుకుంటారు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం వీళ్లకోసం తయారుచేసిన కార్యవిధానం మూడు రకాలుగా విడదీస్తుంది. ఒంటరిగా వీధిలోనే ఉండేవాళ్లు ఒక రకం. పగలు వీధిలో గడిపి రాత్రికి దగ్గరి మురికివాడల్లో ఉన్న ఇళ్లకు చేరేవాళ్లు మరో రకం. కుటుంబంతో సహా ఫుట్‌పాత్ మీదే కాపురం ఉండేవాళ్లు మూడో రకం. ఈ చివరి ఇద్దరి సంగతి చాలావరకు పెద్దవాళ్ల కూలికీ, ఇంటి అద్దెకీ సంబంధించింది. తల్లికి ఒక గది దొరికితే పిల్లకు గది దొరికినట్టే. అక్కడ పిల్లను తల్లినుంచి విడదీసి హాస్టల్లో చేర్చడం రోగం ఒకటైతే మందు ఇంకొకటి. నా ప్రశ్న ప్రధానంగా మొదటి రకం గురించి, అంటే ఒంటరిగా రైలెక్కి వచ్చినవాడి గురించి.

వాడిని పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ మొదట అడిగేది "నీది ఏ ఊరు?" అని. పోలీసు అడుగుతాడు, టీ కొట్టువాడు అడుగుతాడు, ఆశ్రయగృహం వార్డెన్ అడుగుతుంది. మన పత్రిక పాఠకులకు ఈ ప్రశ్నతో ఉండే ఇబ్బంది నేను చెప్పక్కర్లేదు. మా తాత మదనపల్లె వైపునుంచి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చాడు. మా నాన్న అక్కడే పుట్టి, అక్కడే పనిచేసి, కంపెనీ ఇచ్చిన లైన్ ఇంట్లోనే ఉన్నాడు. 2001లో గనులు మూతపడ్డాయి. నన్ను ఎవరైనా సొంత ఊరు అడిగితే అడిగినవాణ్ణి బట్టి మదనపల్లె అనో, కె.జి.ఎఫ్. అనో, బెంగళూరు అనో చెబుతాను. మూడూ నిజమే. నన్నెవరూ అబద్ధాలకోరు అనలేదు.

మా గృహానికి వచ్చిన ఒక పిల్లవాడు మొదటి ఆదివారం గుంతకల్లు అన్నాడు. మరుసటి ఆదివారం ఆదోని అన్నాడు. ఇంకో వారానికి రాయచూరు అయింది. పన్నెండేళ్లుంటాయి. కన్నడం పనికి సరిపడా నేర్చుకున్నాడు గాని, కోపం వస్తే తెలుగే. వాడితో తెలుగులో మాట్లాడేవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు గనుక వార్డెన్ వాడిని నాకు అప్పగించింది. "వీడు నోరు తెరిస్తే అబద్ధం" అని ఆమె కన్నడంలో విసుక్కుంది. నాకు అలా తోచలేదు. ఊరి పేరు చెబితే అక్కడికి పంపేస్తారని వాడికి తెలుసు. తన దగ్గరున్న ఒకే ఒక దస్తావేజును వాడు ఎవరికీ చూపించడంలేదు, అంతే. చూపించవలసినవాడు తానేనని కూడా వాడికి తెలుసు.

ఇంట్లోంచి ఎందుకు వచ్చావని నేను అడగలేదు. అడిగినవాళ్లకు ఈ పిల్లలు చెప్పే జవాబులు సుమారుగా అవే ఉంటాయి. తాగివచ్చి కొట్టే తండ్రి, పనికి కుదిర్చి జీతం ముందే పుచ్చుకున్న మేనమామ, బడిలో దెబ్బలు, పరీక్ష తప్పడం, ఒక్కోసారి ఊరికే రైలు మీద మోజు. ఈ చివరిది ఒప్పుకోవడానికి పెద్దలకు మనసు రాదు. పిల్లవాడు ఇల్లు వదిలాడంటే ఇంట్లో ఒక దుర్మార్గుడు ఉండితీరాలి మనకు. నా అనుభవంలో ఇంట్లో దుర్మార్గుడు ఉన్న సందర్భాలే ఎక్కువ, కాని అన్నీ కావు.

వాడి దగ్గర నేను నేర్చుకున్నది డబ్బు గురించి. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది! రైళ్లలో ఖాళీ నీళ్ల సీసాలు ఏరి గుజిరీ అంగడిలో అమ్మేవాడు. పెట్టెలు ఊడ్చేవాడు. సాయంత్రానికి చేతిలో డబ్బు ఉండేది, ఒక్కోరోజు మా శాఖలో తాత్కాలికంగా పనిచేసే కుర్రాడి రోజు కూలికి దగ్గరగా కూడా. పొద్దున లేచేసరికి ఒక్క పైసా ఉండేది కాదు. ఇలాంటి పిల్లలు సంపాదించింది సినిమాలకూ బిరియానీకీ తగలేస్తారని, పంక్చర్లకు అంటించే సొల్యూషన్ గుడ్డలో పోసుకుని పీలుస్తారని అందరూ అంటారు. నిజమే, చేస్తారు. ఎందుకు దాచుకోవని వాడిని అడిగాను. మా వైపు డబ్బును లెక్క అంటారని తెలిసినవారికి తెలుసు. "లెక్క పెట్టుకోని పండుకుంటే పెద్దోళ్లు పీక్కుంటారు సార్. తినేస్తే ఎవురు పీక్కుంటారు?" అన్నాడు.

పొదుపు అలవాటు గురించి నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, ఇచ్చాను కూడా. ఈ ఒక్క మాటకు వాటిలో జవాబు లేదు. రాత్రికి భద్రత లేనివాడికి డబ్బు దాచడం తెలివితక్కువ పని. కడుపులో పడ్డది ఒక్కటే దొంగలు ఎత్తుకుపోలేని నిల్వ. వాడి దుబారా వాడి పరిస్థితికి సరిపోయిన లెక్కే. అది మారాలంటే వాడికి నీతి చెప్పి లాభంలేదు. డబ్బు పెట్టుకోవడానికి ఒక పెట్టె, పెట్టెకు తాళం, పెట్టె పక్కన భయం లేకుండా నిద్రపోయే చోటు ఉండాలి. ఇల్లు అన్నదానిలో వాడికి మొదట కావలసిన భాగం ఇదేమో అనిపించింది. ప్రేమ, చదువు, క్రమశిక్షణ అని మనం వరసగా పేర్కొనేవి ఆ తర్వాత.

ఢిల్లీలో 1989నుంచి వీధి పిల్లలతో పనిచేస్తున్న 'బటర్‌ఫ్లైస్' అనే సంస్థ 2001లో ఈ సంగతిని పట్టుకుంది. పిల్లలకోసం పిల్లలే నడిపే ఒక బ్యాంకు పెట్టింది. బాల వికాస్ బ్యాంక్ అన్నారు. తర్వాత 'చిల్డ్రన్స్ డెవలప్‌మెంట్ ఖజానా' అయింది. మేనేజర్లు పిల్లలే, వాళ్లను ఎన్నుకునేది పిల్లలే. పాసుపుస్తకాలున్నాయి, వడ్డీ ఉంది, ఏదైనా పని మొదలుపెట్టుకోవడానికి ఎవరికి అప్పు ఇవ్వవచ్చో పిల్లల కమిటీ చర్చిస్తుంది. తర్వాత ఇది ఢిల్లీ దాటి ఇతర ప్రాంతాలకూ ఇతర దేశాలకూ పాకింది. దాని గురించి చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, అసూయా కలిగింది. మా శాఖలో అప్పు మంజూరుకు పట్టే కాగితాలు తలచుకుని అసూయ.

ఇక చట్టంలో మైనరు ఎవరో చూద్దాం. బి.కాం.లో వ్యాపార చట్టం చదివిన ప్రతివాడికీ గుర్తుండే కేసు ఒకటుంది, మొహరీ బీబీ వర్సెస్ ధర్మదాస్ ఘోష్, 1903, ప్రివీ కౌన్సిల్ తీర్పు. కలకత్తాలో ఒక మైనరు తన ఇళ్లు తాకట్టు పెట్టి ఒక వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్నాడు. మైనరు చేసిన ఒప్పందం మొదటినుంచీ చెల్లదని, తాకట్టు కొట్టివేయాలని, వ్యాపారికి డబ్బు తిరిగి ఇప్పించనక్కర్లేదని తేల్చారు. క్లాసులో మేమంతా ఆ వడ్డీ వ్యాపారిని తలచుకుని నవ్వుకున్నాం. మైనరు సంతకానికి విలువ లేదు అన్నది అందులో అందరికీ పట్టుబడే పాఠం. కాని ఆ విలువలేనితనం మైనరును కాపాడటానికి పుట్టింది. ఎదుటివాడు వాడిని కట్టిపడేయకుండా ఉండటానికి పుట్టింది. 1932 భాగస్వామ్య చట్టం కూడా అంతే. మైనరును భాగస్వామిని చేయలేం గాని, లాభాలకు మాత్రం చేర్చుకోవచ్చు. మేజరు అయ్యాక భాగస్వామిగా ఉంటాడో పోతాడో తేల్చుకోవడానికి ఆరు నెలల గడువు ఇస్తుంది. ఆస్తి ఉన్న పిల్లవాడి విషయంలో చట్టం ఎంత ఓపికగా ఉందో చూడండి.

1890 నాటి సంరక్షకుల చట్టం ఇంకా ముందుకు పోతుంది. సంరక్షకుడు నమ్మకానికి కట్టుబడినవాడు, ఆ పదవినుంచి సొంత లాభం చూసుకోకూడదు అంటుంది. మైనరు ఆస్తికి కోర్టు నియమించిన సంరక్షకుణ్ణి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్క చెప్పమని కోర్టు నిలదీయవచ్చు. రెండెకరాల మెట్ట ఉన్న పిల్లవాడి సంరక్షకుడు పైసలతో సహా లెక్క చూపాలి. ఏ ఆస్తీ లేని పిల్లవాణ్ణి, అంటే పిల్లవాణ్ణే, చేతిలోకి తీసుకున్నవాడు ఏం లెక్క చూపుతున్నాడు?

రైల్వే రక్షక దళం 2018నుంచి 2024 మే వరకు స్టేషన్లలో, రైళ్లలో 84,119 మంది పిల్లలను కాపాడినట్టు రైల్వే శాఖ ప్రకటించింది. చిన్న పని కాదు. పిల్లలను అమ్మే ముఠాల చేతినుంచి తప్పించిన సందర్భాలు కూడా అందులో ఉన్నాయి. ఆ సిపాయిలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని లెక్కలు రాసేవాడిగా నాకు ఒక పక్కే కనిపిస్తోంది. ఎంతమంది ఇళ్లకు చేరారు, చేరినవాళ్లలో ఆర్నెల్ల తర్వాత ఎంతమంది అక్కడే ఉన్నారు, ఎంతమంది మళ్లీ రైలెక్కారు, మళ్లీ ఎక్కినవాడిని రెండోసారి పట్టుకుంటే కొత్తగా ఒకటి కలుపుతున్నారా? జమ పక్క మాత్రమే రాసిన చిట్టాను ఏ ఆడిటరూ ఒప్పుకోడు. కాపాడటం అనే మాట పట్టుకున్న క్షణంతోనే పూర్తయినట్టు మనం వాడుతున్నాం.

చట్టంలో మాటలు బాగానే ఉన్నాయి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం దొరికిన పిల్లవాడిని, ప్రయాణం కాలం పోను, ఇరవైనాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తేవాలి. సంస్థలో పెట్టడం అన్నిటికన్నా చివరి మార్గం కావాలని, పిల్లవాడి అభిప్రాయం వినాలని అదే చట్టం మొదట్లో సూత్రాలుగా రాసింది. మన దేశం 1992లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక కూడా పిల్లవాడి మాటకు వాడి వయసునూ పరిణతినీ బట్టి విలువ ఇవ్వమంటుంది. దాని అమలు చూసే ఐక్యరాజ్యసమితి సంఘం 2017లో వీధి పిల్లలమీదే ప్రత్యేకంగా ఒక వ్యాఖ్యానం వెలువరించి, వాళ్లను పోగుచేసి తరలించే పద్ధతిని తప్పుపట్టింది. ఇన్ని ఉన్నా, వినడం అన్నది ఆచరణలో ఒక ఫారంలో ఒక గడిగా మిగులుతుంది. ఆ గడిలో పిల్లవాడు వేలిముద్ర వేస్తాడు.

మా వీధిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారున్నారు. మదరాసు ప్రెసిడెన్సీ నాటి క్రమశిక్షణ ఇంకా వదలని కుటుంబం. ఈ విషయం మీద ఆయనకూ నాకూ చాలాసార్లు వాదన జరిగింది. ఒకరోజు సూటిగా అడిగారు. "మీ అబ్బాయి పన్నెండేళ్లప్పుడు ఇల్లు వదిలిపోతానంటే 'ఇక్కడ సంతకం పెట్టి పో నాయనా' అనేవారా మీరు? తలుపుకు అడ్డం నిలబడేవారా కాదా? మీ పిల్లవాడికి ఒక న్యాయం, వీధి పిల్లవాడికి ఒక న్యాయమా?"

గట్టి ప్రశ్న. పిల్లవాడి స్వేచ్ఛ పేరు చెప్పి చేతులు దులుపుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు. 'వాళ్లకు అదే అలవాటండీ, ఇళ్లల్లో ఉండలేరు' అనే మాటలో గౌరవం ఏమీ లేదు, సోమరితనం ఉంది. దిక్కులేనివాడికి దేవుడే దిక్కు అన్న సామెత కూడా నేను ఎక్కువగా విన్నది దిక్కుగా ఉండగలిగీ ఉండనివాళ్ల నోటే.

అయినా నేను మాస్టారికి చెప్పిన జవాబు ఇది. అవును, అడ్డం నిలబడేవాణ్ణి. కాని నేను నిలబడింది ఏ పూచీ మీద? మా అబ్బాయి విషయంలో నాది అపరిమిత బాధ్యత. వాడికి పద్దెనిమిది నిండినా, నలభై నిండినా, జబ్బు చేసినా, అప్పులపాలైనా, నామీద అరిచి వెళ్లిపోయినా ఆ ఖాతా మూయడానికి వీల్లేదు. ఆ బాధ్యతనుంచే అడ్డం నిలబడే హక్కు వచ్చింది. ఆశ్రయగృహానిది పరిమిత బాధ్యత. గ్రాంటు వచ్చినంతకాలం, వార్డెన్‌కు బదిలీ అయ్యేదాకా, పిల్లవాడికి పద్దెనిమిది నిండేదాకా. పద్దెనిమిది తర్వాత ఇరవయ్యొకటి వరకు, ప్రత్యేక సందర్భాల్లో ఇరవైమూడు వరకు, చేయూత ఇవ్వవచ్చని చట్టంలో ఉంది. మిషన్ వాత్సల్య కింద నెలకు 4000 రూపాయల లెక్కా ఉంది. చేరినవాళ్లకు మంచిదే. కాని పుట్టినరోజు దాటగానే ట్రంకుపెట్టెతో గేటు బయట నిలబడ్డ కుర్రాళ్లను నేను చూశాను. పరిమిత బాధ్యత తీసుకున్నవాడు అపరిమిత హక్కు అడగడం మా వ్యాపార చట్టంలో ఎక్కడా చెల్లదు.

మాస్టారు ఒప్పుకోలేదు. "అయితే ఆరేళ్ల ఆడపిల్ల స్టేషన్లో కనిపిస్తే దాని అభిప్రాయం కనుక్కుంటూ కూచుంటారా?" అన్నారు.

కూచోను. అక్కడ ఎత్తుకుని తీసుకుపోవడం తప్ప వేరే నీతి లేదు. సొల్యూషన్ మత్తులో తూలే పదేళ్లవాడు 'నన్ను వదిలెయ్' అంటే ఆ మాట వాడిదని కూడా నేననుకోను. ఇక్కడే నాకు మా బ్యాంకు పద్ధతి పనికొచ్చింది. 2014లో రిజర్వు బ్యాంకు ఒక మార్పు చేసింది. 2025లో దాన్ని ఇంకా స్పష్టం చేసింది. పదేళ్లు నిండిన మైనరు సంరక్షకుడి తోడు లేకుండా పొదుపు ఖాతా తెరిచి తానే నడపవచ్చు. ఎంతవరకు అన్న పరిమితిని బ్యాంకు నిర్ణయిస్తుంది. అంతకన్నా చిన్నవాడికి సంరక్షకుడు నడుపుతాడు గాని ఖాతా వాడి పేరుమీదే ఉంటుంది. అంటే సంతకం చెల్లుతుందా చెల్లదా అన్న రెండే జవాబులతో మేము సరిపెట్టుకోవడంలేదు. ఎంతకు చెల్లుతుంది అని అడుగుతున్నాం. ఆరేళ్లదానికి తీసుకునే పరిమితి సున్నా, కాని ఖాతా దానిదే, లెక్క దానికే చెప్పాలి. పన్నెండేళ్లవాడికి కొంత. పదహారేళ్లవాడికి ఇంకా కొంత. డబ్బు విషయంలో పదేళ్లవాడి సంతకాన్ని నమ్మిన దేశం, రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదాంట్లో పదహారేళ్లవాడి సంతకాన్ని కూడా అడగకపోవడం నాకు అర్థంకాదు.

పరిమితి సున్నా అయినచోట లెక్క అడగడం మరీ ముఖ్యం. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ప్రభుత్వ సొమ్ముతో నడిచిన బాలికల ఆశ్రయంలో ఏం జరిగిందో 2018లో దేశమంతా చూసింది. టాటా సాంఘిక శాస్త్రాల సంస్థవాళ్లు తనిఖీ చేసి నివేదిక ఇచ్చేదాకా ఆ పిల్లలు లోపలే ఉన్నారు. 2020లో నడిపినవాడికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ ఇంటికి తాళాలు లేక కాదు. తాళాలు పిల్లలు బయటికి పోకుండా ఎంత ఆపాయో, బయటివాళ్లు లోపలికి చూడకుండా అంతకంటే ఎక్కువ ఆపాయి. అప్పటినుంచి ఏ గృహానికి వెళ్లినా నేను మొదట చూసేది గేటు తాళం ఎటువైపు వేసుందని.

బాగుపడటం అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. మీరా నాయర్ తీసిన 'సలామ్ బాంబే' సినిమా 1988లో వచ్చింది. అందులో చాలామంది వీధి పిల్లలే నటించారు. ముఖ్యపాత్ర వేసిన పిల్లవాడు మా బెంగళూరునుంచి పారిపోయి బొంబాయి చేరినవాడే. జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా నుంచి సలామ్ బాలక్ ట్రస్టు పుట్టి ఇప్పటికీ వీధి పిల్లలకు పని చేస్తోంది. ఆ కుర్రాడు తర్వాత బెంగళూరు తిరిగి వచ్చి ఆటో నడుపుతూ కుటుంబాన్ని పోషించుకున్నాడు. పత్రికలవాళ్లు కొన్నేళ్లకొకసారి ఇతని కథ రాస్తారు, అవార్డు పొందినవాడు ఆటో నడుపుతున్నాడే అని జాలిగా. నాకు ఆ జాలి నచ్చదు. చిన్న వయసులో రైలెక్కిపోయినవాడు తన ఊరికి తానే తిరిగివచ్చి, సొంత కష్టం మీద సంసారం నడుపుతుంటే ఇంకేం కావాలి మనకు? విరాళాల పత్రిక ముఖచిత్రానికి కలెక్టరు కావాలా? సినిమా రంగం అతనికి బాకీ పడి ఉండవచ్చు, అది వేరే సంగతి. చాలా గృహాలు తమ పిల్లల్లో పదిమంది అలా స్థిరపడ్డారని చూపించగలిగితే గర్వపడాలి.

మళ్లీ మా గుంతకల్లు-ఆదోని-రాయచూరు పిల్లవాడి దగ్గరికి వస్తాను. వాడు మూడుసార్లు వెళ్లిపోయాడు. మొదటిసారి రెండు రోజులకు వచ్చాడు. రెండోసారి వారం పట్టింది. మూడోసారి నెల దాటాక ఒళ్లు కాలిపోయే జ్వరంతో వచ్చి గేటు దగ్గర కూచున్నాడు. నాలుగోసారి ఉగాది ముందు వెళ్లాడు. గృహం నియమం ప్రకారం మూడుసార్లు చెప్పకుండా పోయినవాడి పేరు కొట్టివేయాలి. వార్డెన్ కఠినురాలు కాదు. ఆమె వాదన న్యాయమైందే. ఉన్నవి ముప్ఫై మంచాలు, బయట ఎదురుచూసే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. రానివాడికోసం ఒక మంచం ఖాళీగా పెట్టడమంటే, వచ్చినవాడిని వరండాలో పడుకోబెట్టడం. ఒకరిమీద దయ మరొకరి ఖర్చుతో చేయడం.

దీనికి నా దగ్గర జవాబు లేదు గాని ఒక సవరణ ఉండింది. మంచం ఇచ్చేద్దాం, పేరు ఉంచుదాం అన్నాను. ప్రతి పిల్లవాడికీ ఒక రేకుపెట్టె, ఒక తాళం ఇస్తారు అక్కడ. పోయినవాడి పెట్టెను అటకమీద పెట్టించాలి, తెరవకూడదు. రిజిస్టరులో 'తొలగించబడినవాడు' అనే గడికి బదులు 'ప్రస్తుతం లేడు' అని పెట్టాలి. ఎప్పుడు వచ్చినా కొత్త ప్రవేశం కాదు, అదే నంబరు. రాత్రి పదిగంటలకు వచ్చినా ఆ రాత్రికి వరండాలో చాప వాడిదే. రెండు సమావేశాలు పట్టింది. చెప్పకుండా పోవడాన్ని ప్రోత్సహించడమే ఇది అని ఇద్దరు సభ్యులు గట్టిగా అన్నారు. వాళ్ల భయం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. పోయేవాళ్ల సంఖ్య తగ్గిందని నేను చెప్పలేను. తిరిగి వచ్చేవాళ్లు మాత్రం ఇప్పుడు గేటు దగ్గర కూచోవడంలేదు, తిన్నగా లోపలికి వచ్చి అటక వైపు చూస్తున్నారు. నంబరు చెప్పి పెట్టె దింపమంటారు. ముందు పెట్టె, తర్వాత అన్నం.

గడచిన ఏప్రిల్‌లో లెక్కల తనిఖీకి ఒక కుర్ర ఆడిటరు వచ్చాడు. సామాను జాబితా చూసుకుంటూ అటకమీద పదకొండు పెట్టెలు ఎక్కువ ఉన్నాయేమని అడిగాడు. రిజిస్టరు తెచ్చి పదకొండు పేర్లు చూపించాను. లోపల ఏముందో జాబితా రాయాలి కదండీ అన్నాడు. తాళంచెవులు వాళ్ల దగ్గరే ఉన్నాయి, కొందరు మెడలో దారానికి కట్టుకుని తిరుగుతుంటారు అన్నాను. నిచ్చెన ఎక్కి ఒక పెట్టెను కొద్దిగా కదిలించి చూశాడు. లోపల ఏవో చిల్లర నాణేలు దొర్లిన చప్పుడైంది. దిగివచ్చి జాబితాలో 'పెట్టెలు, పదకొండు, తాళం వేసి ఉన్నవి' అని రాసుకుని తర్వాతి పేజీకి వెళ్లాడు.